మునుంలో ఖాళీ జాగా

మా మేస్త్రమ్మను మట్టి చేశాక పెట్టిన ఆదరణ కూడికలో అందరూ లేచి ఆమెను పొగిడారు. ఓర్పు గల తల్లి అన్నారు. మెత్తని మనిషి అన్నారు. ఇరవై ఆరు మంది ఆడవాళ్లను ఒక్క మాట గట్టిగా అనకుండా నడిపింది అన్నారు. చర్చిలో చాప మీద కూర్చుని వింటుంటే నాకు ఒళ్లు మండింది. అంత బాగా మాట్లాడినవాళ్లలో ఒక్కరైనా ఆమెతో ఒక్క రోజు నాటు వేసినవాళ్లు కాదు. పాస్టరయ్య నా వైపు తిరిగి, "నువ్వు కూడా రెండు మాటలు చెప్పమ్మా, పద్దెనిమిదేండ్లు ఆమె పక్కన నిలబడి పని చేసినావు గదా" అన్నాడు. లేచాను. నా నోట్లో ఉన్న మాటలు సమాధి మీద పూలు వాడకముందే అనదగినవి కావు. "అందరికీ వందనాలు" అని కూర్చున్నాను.

ఆ రోజు మింగినవి ఇప్పుడు చెబుతున్నాను. నాకు సంతకం వరకే చేతనవుతుంది. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. "చనిపోయిన మనిషిని ఇట్లంటావా అమ్మా" అని ఒకసారి పెన్ను ఆపింది. రాయమన్నాను. ఇవన్నీ ఆమె బతికుండగా ఆమె మొహం మీదే అన్నవి. ఆమె విన్నదీ లేదు, మారిందీ లేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు మీద మా ఊరి స్టేజీ ఉంది. పొద్దున ఐదున్నరకు మా ముఠా అక్కడ చేరుతుంది. ముఠా అంటే వరి నాట్లకు, కలుపుకు, మిరపకాయల కోతకు కలిసి పోయే ఆడవాళ్లం. రైతు ఫోను చేసి ఎన్ని ఎకరాలో చెబుతాడు, మేస్త్రమ్మ సరేనంటుంది, రెండు ఆటోలలో ఎక్కి పోతాం. వేరే ఊళ్ల ముఠాలలో అది అంత తేలిక పని. మా దగ్గర కాదు.

ఆమెది చిన్న బటన్ల ఫోను. దాన్ని చేతిరుమాలులో చుట్టి, ఆ మూటను ఖాళీ పాల కవరులో పెట్టి, రవికలో దోపుకునేది. ఫోను మోగితే ముందు కవరు తీయాలి, తర్వాత రుమాలు విప్పాలి. అప్పటికి మోత ఆగిపోయేది. రైతు మళ్లీ చేసేవాడు.

"రేపు నాలుగెకరాలు నాటాల. వస్తారామ్మా?"

"అడిగి చెప్తా నాయనా."

"ఎవర్నడగాల? మేస్త్రివి నువ్వే గదా."

"అందుకే గదా అడగాల."

ఇక అడగడం మొదలు. తను పోగా తక్కిన ఇరవై ఐదు మందినీ, ఒక్కొక్కరి దగ్గరకూ పోయి. దూరమంటే దూరమెంతో చెప్పేది. ఆ రైతు మంచినీళ్లు కూడా పెట్టడంటే అదీ వినేది. మాలో ఎస్తేరవ్వ అని ఒక ముసలామె ఉంది. ఆమెకు చెవులు వినపడవు. మేస్త్రమ్మ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచేది. అవ్వ ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. ఎందుకు వద్దంటోందో తెలుసుకునేదాకా ఆటో కదలడానికి లేదు. అవ్వ అంతా చెప్పి, చివరికి అందరికంటే ముందు తానే ఎక్కి కూర్చునేది.

ఆటో మస్తాన్ హారన్ మీద చేయి పెట్టి, "పెద్దమ్మా, సర్పంచి ఎలక్షనుగ్గూడ ఇంతసేపు పట్టదు. ఎక్కండి, నా డీజిల్ కాల్తాంది" అనేవాడు.

"కాల్నీలే నాయనా. అవ్వ ఏందో అంటాంది."

రేపు ఎక్కడికి అని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "తెల్లారనీ." గట్టిగా అడిగితే కూర్చుని మడమకు ఎండిన బురదను గోటితో గీకడం మొదలుపెట్టేది. ఆ గీకుడు మొదలైతే ఇక మాట రాదని మాకు తెలుసు. చర్చిలో వాళ్లు చెప్పిన ఓర్పు అదే. ఆమె మన మీద అరవదు, నిజమే. మనమే అరిచి అరిచి గొంతు పోయి ఇంటికి పోతాం.

ఇవి చిన్నవి. అసలు నన్ను కాల్చుకు తిన్నది మునుం సంగతి.

నాటేటప్పుడు మేము కయ్యలో, అంటే వరిమడిలో, అడ్డంగా వరసగా నిలబడతాం. ఆ వరసను మునుం అంటాం. ఒక్కొక్కరికి చేయి ఆడినంత జాగా. నడుము వంచి నాటుకుంటూ అందరం ఒక్కటిగా వెనక్కి జరుగుతాం. ఎవరైనా ఒకరు రాలేదనుకోండి, ఏ ముఠాలోనైనా తలా కొంచెం పక్కకు జరుగుతారు, సందు మూసుకుంటుంది, పని సాగుతుంది. మా మేస్త్రమ్మ జరగనిచ్చేది కాదు. రాని మనిషి జాగా ఖాళీగా ఉండాల్సిందే. అందులో సగం ఈ పక్కామె, సగం ఆ పక్కామె చేయి సాచి నాటాలి.

వినడానికి ఏముంది, నాటు నాటే గదా అనిపిస్తుంది. వంగిన నడుమును పక్కకు మెలిపెట్టి ఒక పూట నాటి చూడండి. మాపటికి మంచం మీద వాలడానికి కూడా ఒకరు పట్టుకోవాలి.

మునుంలో నా ఎడమ పక్క మేస్త్రమ్మ. ఆమెకు అవతల ఎస్తేరవ్వ. నా కుడి పక్క సువార్తమ్మ. సువార్తమ్మకు మోకాళ్ల నొప్పులు, వారంలో రెండు రోజులు రాదు. ఆమె రాని ప్రతిరోజూ ఆ జాగాలో సగం నా నడుము మీదే.

"జరిగితే ఏమైతాదక్కా?" అని అడిగాను ఒకసారి.

"మూసుకుంటాది."

"మూసుకుంటే?"

"రేపొస్తే యాడ నిలబడాల ఆమె?"

"ఆ చివర నిలబడ్తాది."

"చివర నిలబడినామె ఎల్లుండి రాదు" అని, నారు కట్ట విప్పి నా ముందుకు విసిరింది. "నాటు. నీ మొక్కలు పల్చగా పడతాండాయి చూసుకో."

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మా ఆయన నంద్యాల రైసు మిల్లులో మూటలు మోసేవాడు. రొమ్ము నొప్పితో పోయాడు. నేను నలభై రోజులు ఇంట్లోనే ఉండి తిరిగి వస్తే, నా జాగా నాకు ఖాళీగా ఉంది. దిగి నాటాను. అది ఎవరో ఒకరి నడుము మీద ఉంచిన జాగా అని నాకు అప్పుడు తోచలేదు. నాకు ఉంచినప్పుడు బాగానే ఉంది. ఇంకొకరికి ఉంచమంటేనే మండింది.

నాలుగేండ్ల కిందట అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. శ్రీశైలం నిండుతుందంటారు, నిండదంటారు. వెలుగోడు కట్టలో నీళ్లున్నాయంటారు, కాలువకు వదలరంటారు. నారుమళ్లు పోసిన రైతులు సగం మంది నారును గొడ్లకు మేపి శనగకు దున్నుకున్నారు. మా ఊరి ఆడపిల్లలు ఇద్దరు నంద్యాలలో చీరల అంగడిలో చేరారు, అక్కడ ఫ్యాను కింద పని. అదే ఏడాది ఆళ్లగడ్డ వైపు నాటే మిషన్ దిగింది. ఒక్కడు కూర్చుని నడిపితే మేమంతా పొద్దంతా నాటేది అది సద్ది వేళకే నాటేస్తుందని చెప్పుకున్నారు. మేమంతా ఆమె మొహం వైపు చూశాం. ఏం చేద్దామక్కా అంటే, తెల్లారనీ అంది. నెల రోజులు తెల్లారుతూనే ఉంది.

అప్పుడు ఆళ్లగడ్డ దగ్గరి పెద్ద రైతు ఒకాయన మోటారు సైకిల్ మీద మేము కలుపు తీస్తున్న చేనికి వచ్చాడు. ఆయనకు బోర్లున్నాయి, కాలువతో పని లేదు. గట్టు మీద నిలబడే చెప్పాడు. "చేయి బేగా ఆడేటోళ్లు పన్నెండు మందిని ఇయ్యమ్మా. సీజనంతా పని నాది. ముసలోళ్లు, కుంటోళ్లు వద్దు."

అడిగి చెప్తా నాయనా అంటుందని చూశాం. అనలేదు.

"ఏరుకునేదానికి మేం టమాటాలు కాదు నాయనా. పోయిరా" అంది.

ఆయన పోయాడు. నేను కలుపు కొడవలి గట్టు మీద పడేసి లేచాను.

"మంచినీళ్లు తాగేదానిగ్గూడ అందర్నీ అడుగుతావే. దీనికేమక్కా అడగలే?"

"ఏమని అడగల్ల?"

"పోదామా అని."

"పన్నెండు మందినే గదా రమ్మన్యాడు. తక్కిన పద్నాలుగు మందిని ఏమని అడగల్ల? మిమ్మల్ని ఇడిచిపెట్టి పోదామా అని అడగల్లా?"

"నీళ్లొస్తాయో రావో తెలీదు. మిషన్ వచ్చి కూర్చునింది. నా బిడ్డ ఇంటర్‌లో ఉండాది. నీ తెల్లారనీ పెట్టుకుని నేనేం వండాల?"

ఆమె గట్టు మీద కూర్చుని మడమ గీక్కోవడం మొదలుపెట్టింది. కాసేపటికి, "పోతే పో. పోయేటప్పుడు చెప్పి పో" అంది.

చెప్పకుండానే పోయాను. తెల్లవారే పదకొండు మందిని వెంటబెట్టుకుని, స్టేజీ కాడికి కూడా పోకుండా, ఊరి వెనక దారిన ఇంకో ఆటో ఎక్కాను. నా సద్ది క్యారియర్ ముందురోజు మస్తాన్ ఆటోలోనే మర్చిపోయానని ఆ రైతు చేలో దిగాక గుర్తొచ్చింది.

అక్కడ నేనే మేస్త్రిని. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రైతు అడిగితే ఊపిరి తీసుకునేలోపే జవాబు. ఎవర్నీ అడిగేది లేదు. పన్నెండు మందిమీ సూది దారంలా పోయేవాళ్లం. ఒకామెకు జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. జరగండి అన్నాను, జరిగారు, సందు మూసుకుంది. నాలుగో రోజు ఆమె వచ్చి గట్టు మీద నిలబడి చూసింది. చివర నిలబడు అన్నాను. నిలబడింది. మరుసటి రోజు రాలేదు. నేను పట్టించుకోలేదు, చేయాల్సిన ఎకరాలు చాలా ఉన్నాయి.

మూడు వారాలు గడిచాక ఒక మాపటేళ ఆ రైతు ఫోను చేశాడు. "రేపట్నుంచి రావద్దమ్మా. మిషన్ దొరికింది." సీజనంతా అన్నారు గదా అన్నాను. "మిషన్ దొరకనప్పుడు అన్న్యాలే" అన్నాడు. ఆయన తప్పని కూడా అనలేను. అడగాల్సింది అడగకుండా ఒప్పుకున్నది నేను.

తర్వాతి రోజులు చెప్పుకోవడానికి సిగ్గు. నాతో వచ్చిన వాళ్లు నా గడప వైపు చూడలేదు. నంద్యాల పోయి రెండు అంగళ్లలో చిమ్మే పని అడిగాను, వయసు చూసి వద్దన్నారు. ఆదివారం చర్చికి పోయి ఆఖరి వరసలో కూర్చుని, ప్రార్థన ముగియకముందే లేచి వచ్చేసేదాన్ని. మా అమ్మాయి మధ్యాహ్నం అన్నం కాలేజీలో తిన్నానని చెప్పేది. ఆ కాలేజీలో అన్నం పెట్టరని నాకు తెలుసు.

పది రోజులకు, మిట్ట మధ్యాహ్నం మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చింది. గడపలో కూర్చుంది. నీళ్లిస్తే తాగింది. తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ సద్ది క్యారియర్ ఆటోలో ఉండాది" అంది.

"అవునక్కా, మర్చిపోయినా."

"నెల దాటింది. మస్తాన్ కొక్కేనికి తగిలించి తిప్పుతాండాడు."

"తెచ్చింటే అయిపాయ గదక్కా, ఇంత దూరం వచ్చినావు."

"నేనేమన్నా మోసేదాన్నా" అని లేచింది. "ఆటో పొద్దున ఐదున్నరకుంటాది. వచ్చి తీసుకో."

ఎండలో నడిచి వచ్చి, గిన్నె తేకుండా, గిన్నె ఉందని చెప్పి వెళ్లిపోయింది. ఆ మనిషితో ఎట్లా వేగాలో మీరే చెప్పండి. రాత్రంతా తిట్టుకుని, తెల్లారి స్టేజీ కాడికి పోయాను. క్యారియర్ కొక్కేనికి వేలాడుతోంది. చేయి చాచితే మస్తాన్, "ముందు ఎక్కు పిన్నమ్మా, కదిలినాక తీసుకుందువు" అన్నాడు. ఎక్కాను. క్యారియర్ బరువుగా ఉంది. అందులో సంగటి, పప్పు ఉన్నాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

చేను చేరాక చూస్తే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. మిగిలింది పద్నాలుగు మంది. ఆ పద్నాలుగు మందీ ఇరవై ఆరు మంది నిలబడినంత వెడల్పున, ఎవరి జాగాలో వాళ్లు నిలబడ్డారు. మధ్య మధ్య మేము పన్నెండు మందిమి వదిలి పోయిన సందులు. ఇద్దరు, ఖాళీ, ఒకరు, ఖాళీ, ఖాళీ, ముగ్గురు. గట్టు మీద రైతు తల పట్టుకుని, "పండ్లూడిన నోరు మాదిరి నిలబడినారేమమ్మా" అంటున్నాడు. అంతకుముందు వారమే ఇంకొక రైతు ఈ పిచ్చి చూడలేక వీళ్లను వద్దని పంపేశాడట. ఉన్న పనే తక్కువ, అందులో ఒకటి పోగొట్టింది.

సువార్తమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "వచ్చినావా దొరసానీ. నీ సగం నాటీ నాటీ నా నడుం ఇరిగింది. వారానికి రెండు దినాలు ఇంట్లో పడుకునేదాన్ని, నీ పుణ్యాన ఒక్క దినంగూడ పడుకోనీలే ఈమె."

"ఇంకో సగం ఎవురు నాటినారు?" అన్నాను, తెలిసి కూడా.

మేస్త్రమ్మ తల ఎత్తలేదు. గడ్డంతో ఆ సందును చూపించి, "దిగు. పొద్దెక్కుతాంది" అంది.

దిగాను. బురద చల్లగా ఉంది. కాసేపు నాటాక, "ఇన్ని దినాలు ఉంచినావా అక్కా?" అన్నాను.

"జాగా యాడికి పోతాది. పోయింది నువ్వు" అంది.

పోయిన పన్నెండు మందిలో ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. జ్వరం వచ్చినామె కూడా వచ్చింది. ఆమె ఇంటికి మేస్త్రమ్మ నన్నే పంపింది, ఆమె పాత కొడవలి మా దగ్గర ఉందని చెప్పి రమ్మని. కొడవలి తీసుకుపోతానంటే వద్దంది. ఒక్కామె మాత్రం కొడుకుతో హైదరాబాదు పోయింది. ఆమె జాగా రెండేండ్లు ఖాళీగా ఉంచింది.

"ఆమె ఇంక రాదక్కా."

"రాదని నీకు చెప్పిందా?"

"హైదరాబాదులో ఉండాది."

"బస్సుల్లేవా?"

ఆమె రాలేదు. రెండేండ్ల తర్వాత మేస్త్రమ్మ హైదరాబాదుకు ఫోను చేసి, నీ జాగాలో నీ తోడికోడలిని నిలబెట్టుకోవచ్చా అని అడిగింది. అవతల ఆమె ఫోనులో ఏడ్చిందని మాకు వినపడింది. ఆమె ఏడ్చాక గానీ మాకు నడుము నొప్పి తీరలేదు.

ఇక మిషన్ సంగతి. మేము అంతా చేరినా పని ఎక్కడుంది? ఒక రోజు మమ్మల్ని అందరినీ ఆటోలెక్కించి ఆళ్లగడ్డ వైపు తీసుకుపోయింది. ఏదో పెద్ద పని దొరికిందనుకున్నాం. ఒక చేని గట్టు మీద కూర్చోమంది. చేలో మిషన్ నాటుతోంది. "పనేదక్కా?" అంటే, "చూడండి" అంది. పొద్దంతా చూశాం. కూలీ లేదు, పాడూ లేదు. మా పొట్ట కొట్టిన దాన్ని సినిమా చూసినట్టు చూడడానికి డీజిల్ పోసుకుని వచ్చాం. రెండో రోజూ అదే. నేను నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె మడమ కూడా గీక్కోలేదు. కళ్లార్పకుండా మిషన్‌నే చూస్తోంది.

మాపటేళ మిషన్ ఆగాక బురదలోకి దిగి, నడిపే అతని దగ్గరకు పోయింది.

"అప్పా, మూల తిరిగేకాడ నాట్లు పడ్లేదే."

"మూలల్లో మిషన్ తిరగదమ్మా."

"గట్టెంబడి?"

"అంత దగ్గరికి పోదు."

"ఆ నడుమ లోతు బురదకాడ తేలిపోయినాయే మొక్కలు?"

"అట్ల అక్కడక్కడ సందులు పడ్తాంటాయి. తర్వాత ఎవురో ఒకరు నాటుకుంటారు."

"ఆ ఎవురో ఒకరం మేమే" అంది. "నీ మిషన్ యాడికి పోతే ఆడికి మేమొస్తాం. రైతులకు నువ్వే చెప్పు."

సందులు నాటడం మాకంటే బాగా ఎవరికి వస్తుంది? ఏండ్ల తరబడి ఆమె మాతో చేయించింది అదే పని. ఆ మాట ఆమెతో నవ్వుతూ అంటే, ఏమీ అర్థం కానట్టు చూసింది. ఆమె అదంతా ముందే ఆలోచించి చేసిందని చర్చిలో ఒకాయన చెప్పాడు. అబద్ధం. ఆమె ఏదీ ముందుగా ఆలోచించదు. కూర్చుని చూస్తుంది, అడుగుతుంది, అంతే. కానీ ఆ ఏడాది చుట్టుపక్కల నాలుగు ముఠాలు విడిపోయాయి. మాది విడిపోలేదు. మిషన్ వెనక సందులు నాటాం, మిషన్ దిగని లోతు బురద కయ్యలు నాటాం, మిషన్‌కు కావాల్సిన నారును ట్రేలలో పెంచడం నేర్చుకున్నాం. ఇవాళ్టికీ ఇరవై ఆరు జాగాలు.

కిందటి ఎండాకాలం ఆమెకు కడుపులో గడ్డ అన్నారు. నంద్యాల, కర్నూలు తిప్పారు. నాట్లు మొదలయ్యేసరికి మంచం మీదే ఉంది. ఒక ఆదివారం చర్చి అయ్యాక చూడడానికి పోయాను. మనిషి పుల్లలా అయిపోయింది. నన్ను చూసి, ఎట్లుండావు అని కూడా అడగలేదు.

"నా జాగా ఎవురు నాటుతాండారు?"

"నేనూ, అవతల ఎస్తేరవ్వా."

"అవ్వ సగం బాగానే పడుంటాది. నీ సగమే పల్చగా పడుంటాది. దగ్గర దగ్గర నాటు."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ముందు నువ్వు లేచి రా. వచ్చి నీది నువ్వే నాటుకో" అన్నాను.

"తెల్లారనీ" అంది.

ఆ వారమే పోయింది.

ఆదరణ కూడిక అయ్యాక చర్చి వాకిట్లో ఆమె కోడలు నా చేతిలో ఒక మూట పెట్టింది. పాల కవరు, లోపల చేతిరుమాలు, లోపల ఫోను. "అత్త నీకిమ్మని చెప్పింది చిన్నమ్మా" అంది. ఇవ్వమని కోడలికి చెప్పింది గానీ, తీసుకో అని నాకు చెప్పలేదు. అప్పటికే పక్క ఊళ్ల మేస్త్రీలు ఇద్దరు మా ఆడవాళ్లకు ఫోన్లు చేస్తున్నారు, మా దగ్గర చేరండి అని. వాకిట్లో ఉన్నవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. ఫోను మోగింది. కవరు తీసి, రుమాలు విప్పేలోపు ఆగిపోయింది. మళ్లీ మోగింది.

"రేపు రెండెకరాలు, మిషన్ దిగని కయ్య. వస్తారామ్మా?"

వస్తాం అనాలనే నోరు తెరిచాను. ఆ పని నాకు ఎంత తేలికో ఇందాక చెప్పాను గదా.

"అడిగి చెప్తానన్నా" అన్నాను.

మరుసటి పొద్దున ఇరవై ఐదు మందిమి ఆ చేలో దిగాం. మునుంలో నా ఎడమ పక్క ఖాళీ. అవతల ఎస్తేరవ్వ. కుడి పక్క నుంచి సువార్తమ్మ నెమ్మదిగా అడిగింది. "అక్క ఇంక రాదు గదా. జరుగుదామా?"

ఎవరూ నారు కట్ట విప్పలేదు. రాదని నీకు చెప్పిందా అనడానికి లేదు. మూడు రోజుల కిందట మట్టి వేసింది మేమే. జ్వరం వచ్చినవాళ్ల జాగా ఏం చేయాలో ఆమె చెప్పింది. ఊరు విడిచిపోయినవాళ్ల జాగా ఏం చేయాలో చెప్పింది. చనిపోయినవాళ్ల జాగా ఏం చేయాలో చెప్పలేదు. తెల్లారనీ అని పోయింది. తేల్చాల్సింది నా నెత్తిన పెట్టి పోయింది.

అడిగాను. కొందరు ఉంచుదామన్నారు, కొందరు అక్క కోడల్ని పిలిచి నిలబెడదామన్నారు, ఒకరు ఊరికే ఏడ్చారు. బురదలో నడిచి పోయి ఎస్తేరవ్వ చెవి దగ్గర అరిచాను. "అవ్వా, జరుగుదామా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఎందుకవ్వా?"

అవ్వ వంగి, తన ముందున్న నారు కట్ట విప్పింది.

గట్టు మీద రైతు, "నాటేదానికొచ్చినారా, మీటింగు పెట్టుకునేదానికొచ్చినారా?" అన్నాడు.

నేను నా జాగాకు వచ్చి వంగాను. నడుమును ఎడమకు మెలిపెట్టి, నా సగం నాటడం మొదలుపెట్టాను. అవతలి నుంచి అవ్వ చేయి వచ్చింది, ముడతలు పడ్డ చేయి, వరస మాత్రం తప్పలేదు. ఆమె సగం చక్కగా పడుతోంది. నా సగం చూసుకున్నాను. పల్చగా ఉంది.

రెండు మొక్కలు పీకి, దగ్గర దగ్గర మళ్లీ నాటాను.